బ్లాక్ స్క్రీన్‌లో ఇన్‌పుట్ తీసుకోవడం: అందరూ అడిగే ప్రశ్నలు

ఏటా సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ మొదలైన రెండు మూడు వారాలకి నా ఫోన్‌కి స్క్రీన్‌షాట్లు రావడం మొదలవుతుంది. "అన్నా, లాజిక్ కరెక్టే, కానీ రెండో ప్రశ్న అడగకుండానే దాటేస్తోంది" అని ఒకరు, "రన్ చేస్తే ఏమీ రావట్లేదు, హ్యాంగ్ అయింది" అని ఇంకొకరు. ఉద్యోగాల్లో చేరినవాళ్ళ దగ్గర్నుంచి కూడా దాదాపు ఇవే ప్రశ్నలు, కాకపోతే టెన్షన్ కాస్త ఎక్కువ. చెప్పిందే చెప్పి విసుగొచ్చి అన్నీ ఒకచోట పెట్టాను. ఫంక్షన్ల పేర్లు ల్యాబ్‌లో నోటితో ఎలా అంటామో అలాగే రాశాను, స్పెల్లింగ్ మీ టెక్స్ట్‌బుక్‌లో చూసుకోండి.

నంబర్ తీసుకున్నాక ఒక అక్షరం అడిగితే ప్రోగ్రామ్ ఆగకుండా వెళ్ళిపోతోంది. ఎందుకు?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. వయసు ఎంత అని అడిగారు, మీరు 25 అని కొట్టి ఎంటర్ నొక్కారు. మీ దృష్టిలో ఇచ్చింది ఒక్క నంబర్. ప్రోగ్రామ్ వైపు నుంచి చూస్తే వచ్చినవి మూడు బైట్లు: 50, 53, 10. మొదటి రెండూ '2', '5' అనే అక్షరాల కోడ్‌లు, మూడోది మీరు నొక్కిన ఎంటర్, అంటే న్యూలైన్. ఇన్‌పుట్ చదివే స్కాన్ఎఫ్‌కి పర్సెంట్ డీ (పూర్ణ సంఖ్య కావాలని చెప్పే గుర్తు) ఇస్తే అది అంకెలున్నంతవరకు తీసుకుని, అంకె కానిది కనపడగానే ఆగిపోతుంది. ఆ 10ని ముట్టుకోదు, అక్కడే వదిలేస్తుంది. తర్వాతి లైన్లో మీరు పర్సెంట్ సీ అని ఒక అక్షరం అడిగారు. అక్కడ రెడీగా ఒక అక్షరం ఉంది కదా, న్యూలైన్! దాన్నే తీసుకుంది, ఇక ఆగాల్సిన పనేముంది. అది దాటేయలేదు, మీరు అడిగినదాన్ని చక్కగా చదివింది.

మందు చిన్నదే. పర్సెంట్ సీ ముందు, కోట్స్ లోపల, ఒక స్పేస్ పెట్టండి. ఫార్మాట్‌లో స్పేస్ ఉంటే "ఇక్కడ ఎన్ని ఖాళీలున్నా, న్యూలైన్లున్నా, అసలేమీ లేకపోయినా సరే, ఉన్నవన్నీ మింగేసి ముందుకెళ్ళు" అని అర్థం. పర్సెంట్ డీకి, పర్సెంట్ ఎస్‌కి ఈ గొడవ లేదు, అవి ముందున్న ఖాళీల్ని వాటంతట అవే దాటేస్తాయి.

కానీ కొంతమంది ఆ స్పేస్‌ని తీసుకెళ్ళి పర్సెంట్ డీ తర్వాత పెడతారు, లేదా అక్కడ స్లాష్ ఎన్ (న్యూలైన్ గుర్తు) పెడతారు. అప్పుడు ఇంకో తమాషా మొదలవుతుంది. ఖాళీ కానిది ఏదో ఒకటి వచ్చేదాకా అది మింగుతూనే ఉంటుంది, మీరు ఎన్ని ఎంటర్లు కొట్టినా కదలదు. "నంబర్ రెండుసార్లు ఇస్తేగానీ తీసుకోవట్లేదు" అని వచ్చే ఫిర్యాదులన్నీ ఈ బాపతే.

అక్షరం కొట్టగానే ప్రోగ్రామ్‌కి అందాలి కదా, ఎంటర్ దాకా ఎందుకు ఆగుతుంది?

ఎందుకంటే మీరు కొట్టేది నేరుగా మీ ప్రోగ్రామ్‌కి వెళ్ళట్లేదు. మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్‌లోని టెర్మినల్ (మన బ్లాక్ స్క్రీన్ ఇదే) డ్రైవర్ కూర్చుని ఉంది. మీరు టైప్ చేసేది అది ఒక లైన్‌గా పోగేస్తుంది, బ్యాక్‌స్పేస్ కొడితే చెరిపేది కూడా అదే, ఎంటర్ కొట్టాక మొత్తం లైన్‌ని ఒకేసారి మీ ప్రోగ్రామ్ చేతిలో పెడుతుంది. అందుకే మీరు తప్పు కొట్టి దిద్దుకున్న సంగతి ప్రోగ్రామ్‌కి తెలియనే తెలియదు. ఇదంతా టెలీటైప్ మెషీన్ల కాలం నుంచి వచ్చిన అలవాటు, లినక్స్‌లో టెర్మినల్‌ని ఇప్పటికీ టీటీవై అంటున్నది అందుకే.

దీనివల్ల ఎవరూ ఊహించని చోట ఒక దెబ్బ తగులుతుంది. లినక్స్‌లో ఈ పద్ధతిలో ఒక లైన్ పొడవు న్యూలైన్‌తో కలిపి 4096 బైట్లు మించకూడదు. పెద్ద టెస్ట్ కేస్ ఒకటి కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేశారనుకోండి, ఒక లైన్లో 4095 బైట్ల తర్వాత వచ్చినదంతా చప్పుడు లేకుండా పోతుంది. ఎర్రర్ కూడా రాదు. ఆన్సర్ తప్పొస్తే లాజిక్‌లో బగ్ అనుకుని రాత్రంతా వెతుక్కుంటారు. పెద్ద ఇన్‌పుట్ ఏదైనా ఫైల్లో పెట్టి, రన్ చేసేటప్పుడు "కంటే తక్కువ" గుర్తు వేసి ఆ ఫైల్ పేరు ఇవ్వండి. ఫైల్‌కి ఈ హద్దు లేదు.

మా సార్ ఎఫ్‌ఫ్లష్‌లో ఎస్‌టీడీఇన్ పెట్టమన్నారు, అది పెడితే పనిచేస్తోంది. తప్పా?

సార్ నేర్చుకున్న కంపైలర్‌లో పనిచేసి ఉంటుంది, ఆయన్ని ఏమీ అనలేం. సీ స్టాండర్డ్ ప్రకారం ఎఫ్‌ఫ్లష్ ఆగి ఉన్న అవుట్‌పుట్‌ని బయటికి పంపడం కోసం, ఎస్‌టీడీఇన్ లాంటి ఇన్‌పుట్ స్ట్రీమ్ మీద వాడితే ఏం జరుగుతుందో స్టాండర్డ్ చెప్పలేదు. మైక్రోసాఫ్ట్ పాత కంపైలర్లలో అది మిగిలిన ఇన్‌పుట్‌ని తుడిచేసేది, విజువల్ స్టూడియో 2015 నుంచి వాళ్ళే ఆ పని తీసేశారు. మీ ల్యాప్‌టాప్‌లో రన్ అయ్యి, ఎగ్జామ్ సిస్టమ్‌లో మొరాయిస్తే ఎక్స్‌టర్నల్ ముందు మీరేం చెప్తారు? మిగిలింది పారేయాలంటే న్యూలైన్ గానీ ఫైల్ ముగింపు గానీ వచ్చేదాకా గెట్‌చార్‌తో ఒక్కొక్కటీ చదివే చిన్న లూప్ రాసుకోండి. రెండు లైన్ల పని.

గెట్స్ వాడితే కంపైలర్ ఎందుకంత గోల చేస్తుంది?

ఒక లైన్ చదివే గెట్స్‌కి మీ అరే ఎంత పెద్దదో చెప్పే దారే లేదు. మీరు 20 అక్షరాలకి చోటు పెట్టుకుంటే, అవతలివాడు 200 కొట్టినా అది రాసుకుంటూ పోతుంది, పక్కన ఏముందో చూడదు. ఇదేదో పుస్తకాల్లో చెప్పే భయం కాదు. 1988 నవంబర్ 2న మోరిస్ వర్మ్ అని, మెషీన్ నుంచి మెషీన్‌కి తనంతట తానే పాకే ప్రోగ్రామ్ ఒకటి అప్పటి ఇంటర్నెట్‌లోకి వదిలారు. అది మెషీన్లలోకి దూరిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే సర్వీస్, ఆ సర్వీస్ 512 బైట్ల బఫర్‌లోకి (చదివింది దాచుకునే చోటు) గెట్స్‌తో చదివేది. అంతకంటే పొడవైన లైన్ పంపి, ఆ పొంగిపోయిన భాగంలో తన కోడ్ పెట్టి, అవతలి మెషీన్‌తో దాన్నే నడిపించింది. రాసినవాడు రాబర్ట్ మోరిస్, అప్పటికి కార్నెల్ యూనివర్సిటీలో చదువుకుంటున్న కుర్రాడు. ఆ తర్వాత కూడా గెట్స్ భాషలోంచి పోవడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది, 2011లో వచ్చిన సీ11లో తీసేశారు. మన ల్యాబ్ మాన్యువళ్ళలోంచి ఎప్పుడు పోతుందో మరి.

స్పేస్ ఉన్న పేరు మొత్తం ఎలా తీసుకోవాలి?

పర్సెంట్ ఎస్ పెడితే "వెంకట రమణ"లో "వెంకట" దగ్గరే ఆగిపోతుంది. రమణ వెనకాలే ఉంటాడు, తర్వాత మీరు ఊరి పేరు అడిగితే అక్కడికొచ్చి కూర్చుంటాడు. ఎఫ్‌గెట్స్ వాడండి. దానికి అరే పేరు, సైజు, ఎస్‌టీడీఇన్ ఇవ్వాలి, సైజు 50 అంటే 49 బైట్లు మాత్రమే చదివి చివర్లో నల్ (స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే సున్నా బైట్) పెడుతుంది. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, ఎంటర్‌ని కూడా అది స్ట్రింగ్‌లోనే దాచిపెడుతుంది. అందుకే పేరు ప్రింట్ చేశాక పక్కన రావాల్సింది కింది లైన్లోకి జారుతుంది, పాస్‌వర్డ్ పోల్చి చూస్తే ఎప్పటికీ కలవదు. చివర ఉన్నది న్యూలైన్ అయితే దాని స్థానంలో సున్నా పెట్టేయండి. చివర న్యూలైన్ లేకపోతే? సాధారణంగా లైన్ మీ అరే కంటే పొడవని అర్థం, మిగిలింది ఇంకా బయట క్యూలో ఉంది, దాన్ని కూడా చదివి పారేయాలి.

నంబర్ అడిగితే ఎవరో అక్షరాలు కొట్టారు, స్క్రీన్ మీద అదే మెసేజ్ వరదలా వస్తూనే ఉంది!

కంట్రోల్ సీ కొట్టి ముందు ఆపండి. ఏం జరిగిందంటే, స్కాన్ఎఫ్ అంకె కోసం చూసింది, "ఏబీసీ" కనపడింది, నావల్ల కాదని వెనక్కి వచ్చేసింది. ఏబీసీని మాత్రం తీయలేదు. మీ లూప్ మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే ఏబీసీ. గుమ్మం ముందు రాయి తీయకుండా మళ్ళీ మళ్ళీ తలుపు లాగినట్టు.

స్కాన్ఎఫ్ ఎన్ని విలువలు నింపగలిగిందో రిటర్న్ చేస్తుంది. ఒకటి అడిగితే 1 రావాలి, సున్నా వస్తే అక్కడున్నది నంబర్ కాదని. ఆ రిటర్న్ విలువని చూడని కోడ్ నేను రివ్యూలో పాస్ చేయను. అయితే నిజంగా గట్టిగా ఉండాలంటే ఇంటరాక్టివ్ ప్రోగ్రామ్‌లో స్కాన్ఎఫ్‌నే పక్కన పెట్టండి. ఎఫ్‌గెట్స్‌తో మొత్తం లైన్ తీసుకోండి, ఆ లైన్‌ని, అక్షరాల్ని నంబర్‌గా మార్చే స్ట్రటోల్‌కి ఇవ్వండి. అది ఎక్కడిదాకా నంబర్‌గా చదివిందో ఒక పాయింటర్‌లో చెప్తుంది. మొదట్లోనే ఆగిపోయి ఉంటే నంబరే లేదు, మధ్యలో ఆగితే "25ఎక్స్" లాంటిది కొట్టారు. హద్దు దాటితే ఎర్ర్‌నోలో (ఎర్రర్ కోడ్ ఉండే వేరియబుల్) తెలుస్తుంది, దానికి ముందు ఎర్ర్‌నోని సున్నా చేయడం మర్చిపోకండి. ముందు లైన్ మొత్తం చేతిలోకి తీసుకో, ఆ తర్వాత విప్పి చూసుకో అన్న ఈ పద్ధతి ఏ భాషకైనా పనికొస్తుంది, కింద సగం ప్రశ్నలకి జవాబు ఇదే.

ఫోన్ నంబర్ ఇంట్‌లో తీసుకుంటే ఏదో పిచ్చి నంబర్ వస్తోంది

ఇంట్ సాధారణంగా 32 బిట్లు, గరిష్ఠంగా 2147483647. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, మొదటి అంకె 6 నుంచి 9. అంటే దేశంలో ఒక్క మొబైల్ నంబర్ కూడా ఇంట్‌లో పట్టదు, అన్‌సైన్డ్ చేసినా 4294967295 దగ్గర ఆగుతుంది కాబట్టి అందులోనూ పట్టదు. లాంగ్ లాంగ్ పెడితే పడుతుంది, కానీ పెట్టకండి. ఫోన్ నంబర్‌ని మీరు కూడతారా, గుణిస్తారా? అది అంకెలతో రాసిన పేరు, స్ట్రింగ్‌గానే ఉంచండి. ఆధార్, బ్యాంక్ అకౌంట్, హాల్ టికెట్ అన్నీ అంతే.

ల్యాండ్‌లైన్ కోడ్‌లతో ఇంకా సరదాగా ఉంటుంది. హైదరాబాద్ కోడ్ 040ని పర్సెంట్ డీతో చదివితే 40 అవుతుంది, ముందున్న సున్నా పోయింది. పర్సెంట్ ఐతో చదివితే? 32 వస్తుంది. సున్నాతో మొదలైతే దాన్ని ఆక్టల్, అంటే ఎనిమిది ఆధారంగా లెక్కపెట్టే సంఖ్య అనుకుంటుంది, నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు. విజయవాడ 0866 ఇస్తే ఆక్టల్‌లో 8 అనే అంకె లేదు కాబట్టి సున్నా మాత్రం తీసుకుని 866ని బయట వదిలేస్తుంది, అది వెళ్ళి తర్వాతి ప్రశ్నకి జవాబవుతుంది. స్ట్రటోల్‌కి బేస్ సున్నా ఇచ్చినా ఇదే ఆక్టల్ కథ, అందుకే బేస్ 10 అని స్పష్టంగా ఇవ్వండి.

పైథాన్‌లో 5, 3 ఇచ్చి కూడితే 53 వచ్చింది

ఇన్‌పుట్ అనే ఫంక్షన్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది. ఇంట్‌లో పెట్టి మార్చుకోవాలి. ఒకే లైన్లో రెండు నంబర్లు ఇస్తే స్ప్లిట్ చేసి, మ్యాప్‌తో ఇంట్‌లుగా మార్చుకోవాలి. తప్పు కొడితే వాల్యూఎర్రర్ వస్తుంది, దాన్ని ట్రైలో పట్టుకుని మళ్ళీ అడగండి. ఉత్త ఎక్సెప్ట్ పెట్టి అన్నిటినీ పట్టుకోకండి, కంట్రోల్ సీ కొట్టినా బయటికి రాలేని ప్రోగ్రామ్ తయారవుతుంది.

పాత పుస్తకం చూసి నేర్చుకుంటుంటే ఒక జాగ్రత్త. పైథాన్ 2లో ఇన్‌పుట్ అంటే మీరు కొట్టినదాన్ని పైథాన్ కోడ్‌గా నడిపేది, అందుకే అక్కడ రా ఇన్‌పుట్ అని వేరేది ఉండేది. అవతలివాడు నంబర్ బదులు ఫైళ్ళు చెరిపే కమాండ్ కొడితే అదీ నడిచేది. 2008లో వచ్చిన పైథాన్ 3లో దాన్ని సరిచేశారు. ఇప్పుడు కూడా "ఇవాల్ పెడితే ఇంటో ఫ్లోటో అదే చూసుకుంటుంది" అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినకండి, ఇవాల్ కూడా కొట్టినదాన్ని కోడ్‌గా నడిపేదే, పోయిన దయ్యాన్ని పిలిచి ఇంట్లో పెట్టుకున్నట్టే.

చాలామందికి తెలియని ముచ్చట ఒకటి: పైథాన్ 3లో ఇన్‌పుట్‌కి ౨౫ అని తెలుగు అంకెల్లో కొట్టి ఇంట్‌కి ఇచ్చి చూడండి. ఎర్రర్ రాదు, 25 వస్తుంది! యూనికోడ్‌లో దశాంశ అంకెలుగా నమోదైన వాటన్నిటినీ అది ఒప్పుకుంటుంది. మనకిది ముచ్చటగానే ఉంటుంది గానీ, "అన్నీ అంకెలేనని ఇజ్ డిజిట్ అంది కాబట్టి సున్నా నుంచి తొమ్మిది వరకు ఇంగ్లిష్ అంకెలే" అనుకుని డేటాబేస్‌లోకి తోసేవాళ్ళు ఏదో రోజు అక్కడ దొరికిపోతారు.

జావాలో నెక్స్ట్ ఇంట్ తర్వాత నెక్స్ట్ లైన్ ఖాళీగా వస్తోంది

మొదటి ప్రశ్నే, చొక్కా మార్చుకుని వచ్చింది. నెక్స్ట్ ఇంట్ న్యూలైన్‌ని వదిలేసింది, నెక్స్ట్ లైన్ దానిదాకా చదివి ఖాళీ స్ట్రింగ్ ఇచ్చింది. మధ్యలో ఒక వృథా నెక్స్ట్ లైన్ పెట్టొచ్చు, లేదా మొత్తం నెక్స్ట్ లైన్‌తోనే చదివి పార్స్ ఇంట్ చేసుకోవచ్చు. నేను రెండోదే చేస్తాను.

ఇంకో రెండు. స్కానర్‌ని (నెక్స్ట్ ఇంట్, నెక్స్ట్ లైన్ దీనివే) క్లోజ్ చేస్తే దానితోపాటు సిస్టమ్ ఇన్, అంటే జావా స్టాండర్డ్ ఇన్‌పుట్ కూడా మూసుకుపోతుంది, తర్వాత ఇంకో స్కానర్ తెరిచి చదవబోతే నో సచ్ ఎలిమెంట్ ఎక్సెప్షన్. ప్రతి మెథడ్‌లో కొత్త స్కానర్ తయారుచేసే అలవాటు కూడా మానుకోండి. మొదటి స్కానర్ ముందుచూపుతో ఎక్కువ చదివి తన బఫర్‌లో పెట్టేసుకుంటుంది, రెండోదానికి ఏమీ మిగలదు. చేత్తో టైప్ చేసినప్పుడు లైన్ లైన్‌గా వస్తుంది కాబట్టి ఇది బయటపడదు, ఫైల్ నుంచి ఇస్తేనే బయటపడుతుంది. "నా దగ్గర పనిచేసింది, సబ్‌మిట్ చేస్తే రన్‌టైమ్ ఎర్రర్" అనేవాళ్ళలో కొందరి కథ ఇదే.

సీ ప్లస్ ప్లస్‌లో సీఇన్ తర్వాత గెట్‌లైన్?

అదే జబ్బు, అదే మందు. మధ్యలో సీఇన్ ఇగ్నోర్ పెట్టి న్యూలైన్ దాకా పారేయండి. సీఇన్ ఒకసారి ఫెయిలైతే క్లియర్ చేసేదాకా మొరాయిస్తుంది, క్లియర్ చేశాక ఆ చెత్తని ఇగ్నోర్ చేయాలి, ఈ రెండూ ఈ వరుసలోనే.

కోడింగ్ టెస్ట్‌లో ఆన్సర్ కరెక్ట్, అయినా ఫెయిల్

ప్లేస్‌మెంట్ టెస్టుల్లో నేను చూసిన కారణాలు ఎక్కువగా రెండు. "నంబర్ ఎంటర్ చేయండి" అని ప్రింట్ చేయడం మొదటిది. అక్కడ చదివేది మనిషి కాదు, మీ అవుట్‌పుట్‌ని తన దగ్గరున్న దానితో పోల్చే ప్రోగ్రామ్, మీ మర్యాద దానికి తప్పు జవాబుగా కనిపిస్తుంది. పైథాన్ ఇన్‌పుట్ బ్రాకెట్లలో రాసే మెసేజ్ కూడా అవుట్‌పుట్‌లోకే వెళ్తుంది. రెండోది టైమ్. లక్షల నంబర్లు చదవాల్సి వస్తే జావా స్కానర్ నెమ్మది, బఫర్డ్ రీడర్ తీసుకోండి. పైథాన్‌లో ఇన్‌పుట్ బదులు సిస్ స్టాండర్డ్ ఇన్‌పుట్ రీడ్‌లైన్. సీ ప్లస్ ప్లస్‌లో సింక్ విత్ ఎస్‌టీడీఐఓ ఫాల్స్ చేయండి, చేశాక స్కాన్ఎఫ్‌ని దానితో కలపకండి. ప్రతి లైన్‌కీ ఎండ్‌ఎల్ రాయకండి, అది ప్రతిసారీ ఫ్లష్ చేస్తుంది.

ప్రశ్న స్క్రీన్ మీదకి రావట్లేదు, జవాబు కొట్టాక వస్తోంది

ప్రింట్ఎఫ్ రాసింది వెంటనే స్క్రీన్‌కి పోదు, బఫర్‌లో ఆగుతుంది. టెర్మినల్ అయితే మామూలుగా న్యూలైన్ రాగానే బయటికొస్తుంది, పైప్ (అవుట్‌పుట్ ఇంకో ప్రోగ్రామ్‌కి వెళ్ళడం) గానీ కొన్ని ఐడీఈల కన్సోల్ గానీ అయితే బఫర్ నిండేదాకా రాదు. ప్రశ్న వేశాక ఎఫ్‌ఫ్లష్ ఎస్‌టీడీఅవుట్ చేయండి. ఇది అవుట్‌పుట్ కాబట్టి ఇక్కడ ఎఫ్‌ఫ్లష్ న్యాయమే.

గెట్‌సీహెచ్, సీఎల్ఆర్ఎస్‌సీఆర్ లినక్స్‌లో ఎందుకు లేవు?

ఒక కీ చదివేది ఒకటి, స్క్రీన్ తుడిచేది ఇంకొకటి, అవి టర్బో సీ అనే పాత కంపైలర్‌తో పాటు వచ్చిన కోనియో హెడర్‌లోవి, సీ స్టాండర్డ్‌లో ఎప్పుడూ లేవు. టర్బో సీ నీలం స్క్రీన్ మీద పెరిగినవాళ్ళకి మెయిన్ చివర గెట్‌సీహెచ్ లేకపోతే ప్రోగ్రామ్ పూర్తి కానట్టుంటుంది, నాక్కూడా కొన్నాళ్ళు అలాగే ఉండేది. అసలది ఎందుకు పెట్టేవాళ్ళమంటే అవుట్‌పుట్ చూసేలోపు స్క్రీన్ మాయమయ్యేది కాబట్టి. టెర్మినల్‌లో రన్ చేస్తే ఆ అవసరమే లేదు. ఎంటర్ లేకుండా ఒక్క కీ చదవాలంటే, గేమ్‌కో మెనూకో, టెర్మియోస్‌తో (టెర్మినల్ సెట్టింగులు మార్చే ఫంక్షన్లు) టెర్మినల్ లైన్ పోగేసే పద్ధతిని ఆపి, పని అయ్యాక తిరిగి పెట్టాలి, లేదా ఎన్‌కర్సెస్ లైబ్రరీ వాడాలి. తిరిగి పెట్టకముందే ప్రోగ్రామ్ క్రాష్ అయితే టెర్మినల్‌లో కొట్టేది కనపడదు, ఎంటర్ సరిగ్గా పనిచేయదు. కంగారు పడి విండో మూసేయక్కర్లేదు, కనపడకపోయినా రీసెట్ అని కొట్టి, ఎంటర్ పనిచేయకపోతే కంట్రోల్ జే నొక్కండి.

పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనపడట్లేదు, కీబోర్డ్ పోయిందా?

లినక్స్ కొత్తగా వేసుకున్న ప్రతివాళ్ళూ సూడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది) దగ్గర ఈ అనుమానపడతారు. కీబోర్డ్ బాగానే ఉంది. చాలా లినక్స్‌ల్లో చుక్కలు కూడా చూపించదు, చూపిస్తే పక్కన నిలబడ్డవాడు పాస్‌వర్డ్ ఎన్ని అక్షరాలో లెక్కపెట్టుకుంటాడని. మీ ప్రోగ్రామ్‌లో కావాలంటే పైథాన్‌లో గెట్‌పాస్, జావాలో కన్సోల్ రీడ్‌పాస్‌వర్డ్, బ్యాష్‌లో రీడ్‌కి ఎస్ ఆప్షన్. పాస్‌వర్డ్‌ని కమాండ్ పక్కన ఆర్గ్యుమెంట్‌గా మాత్రం తీసుకోకండి. అదే మెషీన్‌లో ఉన్న ఇంకో యూజర్ పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల లిస్ట్ చూపే కమాండ్) కొడితే మామూలుగా కనపడిపోతుంది, పైగా మీ షెల్ హిస్టరీ ఫైల్లో పడి ఉంటుంది.

కంట్రోల్ డీ అంటే ఏంటి? ఒక్కోసారి రెండుసార్లు కొట్టాల్సి వస్తోంది

ఇక ఇన్‌పుట్ లేదు అని చెప్పడం. కానీ అది ఒక అక్షరం కాదు, ప్రోగ్రామ్‌కి చేరదు. డ్రైవర్‌తో "ఇప్పటిదాకా పోగేసింది ఇచ్చేయ్" అని చెప్తుంది, అంతే. లైన్ మొదట్లో కొడితే ఇచ్చేదేమీ లేదు, సున్నా బైట్లు వెళ్తాయి, ప్రోగ్రామ్ దాన్ని ముగింపుగా తీసుకుంటుంది. లైన్ మధ్యలో కొడితే ఉన్నది వెళ్తుంది, ముగింపు కోసం రెండోసారి కొట్టాలి. విండోస్‌లో లైన్ మొదట్లో కంట్రోల్ జెడ్ కొట్టి ఎంటర్.

సీలో గెట్‌చార్ విలువని చార్‌లో కాదు, ఇంట్‌లో పెట్టుకోవాలి, ముగింపు గుర్తు ఏ అక్షరంతోనూ కలవకుండా ఉండాలంటే చార్‌లో చోటు చాలదు. ఫైల్ ముగిసిందా అని చెప్పే ఎఫ్‌ఈఓఎఫ్‌ని లూప్ కండిషన్‌లో పెట్టేవాళ్ళకి చివరి లైన్ రెండుసార్లు వస్తుంది. అది జరగబోయేది చెప్పదు, చదవబోయి ఫెయిలయ్యాకే చెప్తుంది.

షెల్ స్క్రిప్ట్‌లో సర్వర్ల లిస్ట్ మీద లూప్ మొదటి సర్వర్‌తోనే ఆగిపోతోంది

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే నేనే ఒక మధ్యాహ్నం మొత్తం దీనికి ధారపోశాను. వైల్ రీడ్ అని ఫైల్ నుంచి ఒక్కో సర్వర్ పేరు తీసుకుంటూ, లూప్ లోపల ఎస్‌ఎస్‌హెచ్ (అవతలి మెషీన్‌లో కమాండ్ నడిపేది) నడుపుతున్నారు. లూప్‌కి, ఎస్‌ఎస్‌హెచ్‌కి స్టాండర్డ్ ఇన్‌పుట్ ఒకటే, ఆ ఫైలే. ఎస్‌ఎస్‌హెచ్ ఏమో తన ఇన్‌పుట్‌ని అవతలి మెషీన్‌కి పంపడమే పనిగా మిగతా పేర్లన్నీ ఊడ్చుకుని పోతుంది. రెండో రౌండ్‌కి రీడ్ వచ్చి చూస్తే గిన్నె ఖాళీ. ఎస్‌ఎస్‌హెచ్‌కి చిన్న ఎన్ ఆప్షన్ ఇవ్వండి, సరిపోతుంది. రీడ్‌కి ఆర్ ఆప్షన్ కూడా ఎప్పుడూ పెట్టండి, లేకపోతే లైన్లో ఉన్న బ్యాక్‌స్లాష్‌లు మాయమవుతాయి.

పైకి బాణం కొడితే పాత కమాండ్ రాకుండా చెత్త వస్తోంది

టోపీ గుర్తు, రెండు చదరపు బ్రాకెట్లు, పెద్ద ఏ వస్తున్నాయి కదా. బాణం కీ పంపేదే అది. బ్యాష్‌లో పాత కమాండ్ రావడానికి కారణం రీడ్‌లైన్ అనే లైబ్రరీ. పైథాన్‌లో రీడ్‌లైన్‌ని ఇంపోర్ట్ చేస్తే చాలు, ఇన్‌పుట్‌కి బాణాలు వచ్చేస్తాయి. కోడ్ ముట్టుకోలేని ప్రోగ్రామ్ అయితే ఆర్‌ఎల్‌వ్రాప్ అనే కమాండ్‌ని దాని ముందు పెట్టి నడపండి.

"తీసేయమంటారా? అవును/కాదు" అని అడిగేటప్పుడు ఉత్త ఎంటర్‌కి ఏది పెట్టాలి?

పోయేది తిరిగి రానిదైతే ఎప్పుడూ "కాదు". నేను పాత ఉద్యోగంలో ఉండగా పాత రిపోర్టులు తీసేసే స్క్రిప్ట్ ఒకటి రాశాను. ఫోల్డర్ పేరు అడిగి, తర్వాత తీసేయమంటారా అని అడుగుతుంది, ఉత్త ఎంటర్ కొడితే అవును, రోజూ చేసే పనే కదా అని. ఒకరోజు ఒక కొలీగ్ ఫోల్డర్ పేరుని ఎక్సెల్ సెల్‌లోంచి కాపీ చేసి పేస్ట్ చేశాడు. ఎక్సెల్ సెల్ కాపీ చేస్తే దాని చివర న్యూలైన్ కూడా అంటుకుని వస్తుంది. అంటే పేస్ట్ చేయగానే మొదటి ప్రశ్న అయిపోయింది. ఆయన అలవాటుగా ఎంటర్ కొట్టాడు, అది రెండో ప్రశ్నకి జవాబైంది. పైగా ఆయన కాపీ చేసింది పై వరుసలోని సెల్. నెల రిపోర్టులు పోయాయి, బ్యాకప్ నుంచి తెచ్చుకునేసరికి రాత్రి పదకొండు. ఆయన్ని ఎవరో ఏదో అనబోతే నేనే ఆపాను, తప్పు నా స్క్రిప్ట్‌ది.

ఆ తర్వాత మార్చింది మూడు. డీఫాల్ట్ "కాదు" అయింది. ప్రమాదకరమైన ప్రశ్న వేసేముందు టీసీఫ్లష్‌తో అప్పటిదాకా క్యూలో ఉన్న టైపింగ్‌ని పారేయడం, ప్రశ్న చదవకముందు కొట్టింది జవాబెలా అవుతుంది? అన్నిటికన్నా ముఖ్యం, అవును అని కాకుండా ఫోల్డర్ పేరే మళ్ళీ టైప్ చేయమనడం. గిట్‌హబ్‌లో రెపాజిటరీ తీసేయబోతే అడిగేది అలాగే.

ఇన్‌పుట్ మనిషి నుంచి వస్తోందా, ఫైల్ నుంచా అన్నది ఇజ్ ఏటీటీవైతో తెలుసుకోవచ్చు. మనిషి లేకపోతే ఇలాంటి ప్రశ్న అడగనే అడగకండి, తప్పు చూపించి ఆగిపోండి, లేకపోతే రాత్రి రెండింటికి క్రాన్‌లో (టైమ్ ప్రకారం తనంతట తానే నడిపేది) నడిచే స్క్రిప్ట్ ఎవరూ ఇవ్వని జవాబుని డీఫాల్ట్ అనుకుని ముందుకెళ్ళిపోవచ్చు.

తెలుగులో పేరు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, లెక్క తెలిస్తే. "తెలుగు" మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌కి ఆరు, ఎందుకంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము వేర్వేరు. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్ 8లో ఒక్కోదానికీ మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది. పైథాన్ లెన్ 6 అంటుంది, సీలో ఎస్‌టీఆర్‌లెన్ 18 అంటుంది. పది సైజున్న అరేకి ఎఫ్‌గెట్స్ పెడితే తొమ్మిది బైట్లు, అంటే "తెల" అని వస్తుంది. సైజు పన్నెండు చేస్తే ఇంకా ఘోరం, పదకొండు బైట్లలో "తెల" పోను మిగిలిన రెండూ సగం కొమ్ము, స్క్రీన్ మీద డబ్బానో ప్రశ్న గుర్తో వస్తుంది. పేరుకి 30 అని కాకుండా 200 పెట్టండి, మెమరీకి కరువేం లేదు.

విండోస్ పాత కన్సోల్‌లో కోడ్ పేజీ 65001కి, అంటే యూటీఎఫ్ 8కి మార్చినా మామూలు సీ ఫంక్షన్లతో తెలుగు అందదు, రీడ్ కన్సోల్ డబ్ల్యూ లాంటి వైడ్ ఫంక్షన్ కావాలి. లినక్స్‌లో చదవడం హాయిగా అవుతుంది, చూడ్డమే కష్టం, చాలా టెర్మినళ్ళు ఒత్తుల్ని విడదీసి పక్కన పడేస్తాయి. బ్యాక్‌స్పేస్ కొడితే గు మొత్తం పోదు, ముందు కొమ్ము పోతుంది, రెండోసారికి గ. స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో నమ్మకుండా, ఎంటర్ కొట్టాక వచ్చిన బైట్లు ఒకసారి ప్రింట్ చేసి చూసుకోండి, గ ఒక్కటే మిగిలితే 224, 176, 151, తర్వాత మన పాత స్నేహితుడు 10.